ఓడ దిగిన కారు

లారీకి ఆనించిన రెండు ఇనుప పలకల మీదుగా తెల్ల కారు వెనక్కి జారుతూ దిగుతుంటే కృపారాణికి ముందుగా వచ్చిన ఆలోచన, అరె, ఇంత చిన్నదా అని. ఫోన్లో చూసినప్పుడు ఇల్లంత కనిపించేది. వెనకాల నీలంగా సముద్రం, ముందు ఈ కారు, కారుకు వీపు ఆనించి చేతులు కట్టుకుని తన మొగుడు శ్యాంసన్, కళ్ళకు ఎవరో టూరిస్టు వదిలేసి పోయిన నల్లద్దాలు. "ఎట్లుంది?" అని ఆయన, "ఏది, నువ్వా కారా?" అని తను, "కారేనే, నన్ను చూసేదానికేముంది" అని ఆయన. ఇప్పుడు నిజంగానే ఏమీ లేదు. మార్కాపురం బైపాసు పక్కన, పలకల ఫ్యాక్టరీలు పారబోసిన రాతిపొట్టు గుట్టల నడుమ, సముద్రం లేదు, కారుకు ఆనుకున్న మనిషి లేడు, కారు ఒక్కటే దిగుతోంది. అండమాన్‌లో ఓడెక్కి, మద్రాసులో ఓడ దిగి, అక్కడ లారీ ఎక్కి, ఒంగోలు, పొదిలి దాటి వచ్చింది. దాన్ని ఓడెక్కించిన మనిషి మాత్రం అక్కడే పోర్ట్‌బ్లెయిర్‌లో, తను ఫోన్లో తప్ప చూడని మట్టిలో ఉన్నాడు. చెప్పేయాలి, ఇవాళ చెప్పేయాలి అనుకుంది కృపారాణి. కారు ఇంటి ముందు ఆగగానే, ఎవరూ నోరు విప్పకముందే, అత్త పుష్పమ్మ కాళ్ళ ముందు కూలబడి చెప్పేయాలి. అత్తా, నీ కొడుకును ఈ కారు చంపింది, ఈ కారును రమ్మన్నది నేను. ఆ తర్వాత ఆమె ఇష్టం. చెప్పు తీసుకుని కొడుతుందో, ఇంట్లోంచి వెళ్ళగొడుతుందో, పదిమందిలో జుట్టు పట్టుకుని ఈడుస్తుందో, ఏదో ఒకటి చేస్తే చాలు.

లారీ డ్రైవరు కిందికి దిగి తాళం చెవి ఆమె చేతికే ఇచ్చాడు. "చూసుకోండమ్మా, ఒక్క గీత పడలే" అన్నాడు గొప్పగా. లారీ మీద ఇంకా కార్లున్నాయి, వాటిని కర్నూలు చేర్చాలట, ఆయన తొందర ఆయనది. నిజమే, గీత పడలేదు. అంత సముద్రం దాటినా గీత పడకుండా రావడం కార్లకు చేతనవుతుంది కాబోలు. మరిది ఏబేలు ముందు మూత ఎత్తి బ్యాటరీకి వైరు తగిలిస్తున్నాడు, వెంట తెచ్చిన క్యానులోంచి పెట్రోలు పోస్తున్నాడు. ఓడెక్కే కారుకు మా చెడ్డ మర్యాదలు మరి. పెట్రోలు అడుగున నాలుగు చుక్కలు తప్ప ఉండకూడదు, బ్యాటరీ వైరు పీకేయాలి, లోపలా బయటా కడిగి తుడిచి ఉండాలి, మనిషి సామాను ఒక్కటీ ఉండకూడదు. ఇవన్నీ శ్యాంసనే చెప్పాడు, తనే ఓడల కంపెనీ పెట్టినంత గొప్పగా. "ఒక చెప్పు కూడా ఉండగూడదంటనే. అద్దానికి ఏలాడే సిలువ కూడా తీసేసినా" అన్నాడు. "సిలువేం చేసింది పాపం?" అంటే "అది గూడా సామానే అంట" అని నవ్వాడు. ఆ సిలువ జేబులో పెట్టుకున్నాడో, మెడలో వేసుకున్నాడో, ఆయనతోపాటే పోయిందో ఇప్పుడెవరు చెబుతారు. ముందున్న అర తెరిచి చూసింది, ఖాళీ. తలుపుల జేబుల్లో చెయ్యి పెట్టి వెతికింది, ఖాళీ. ఎవరి కారైనా కావచ్చు అన్నట్టుంది.

డ్రైవరు సీటు మీద మాత్రం ఎవరికీ చెప్పని ఆశ ఒకటి పెట్టుకుంది. శ్యాంసన్ పొడుగరి, సీటు బాగా వెనక్కి నెట్టుకుని కూర్చునేవాడు, అద్దాన్ని కొంచెం పైకి ఎత్తిపెట్టుకునేవాడు. ఆయన దిగినప్పటి సీటు దిగినట్టే ఉంటుంది, అద్దం ఆయన కళ్ళకు సరిపెట్టినట్టే ఉంటుంది, ఒక్కసారి ఆ సీట్లో కూర్చుని ఆ అద్దంలోకి చూస్తే ఆయన చూసినంత మేర తనకూ కనిపిస్తుంది అనుకుంది, ఎన్ని పగళ్ళు అనుకుందో. పిచ్చి మొహంది. ఆయన తర్వాత ఆ సీట్లోకి ఎంతమంది ఎక్కి దిగారని. మద్రాసు రేవులో దించినవాడు ఒకడు, గోడౌన్‌కు తోలినవాడు ఒకడు, లారీ మీదికి ఎక్కించినవాడు ఒకడు. ఇప్పుడు దించిన డ్రైవరైతే మరీ పొట్టి, సీటు స్టీరింగు మీదికి ఎక్కి ఉంది. ఏబేలు కూర్చుని కింద ఏదో కడ్డీ లాగి సర్రున వెనక్కి జరిపాడు, అద్దాన్ని తన ముఖానికి తిప్పుకున్నాడు. అతని తప్పేముంది, నడపాలంటే జరుపుకోవద్దా. అయినా ఆయన కూర్చున్న చోటు ఫలానా అని చెప్పడానికి కూడా ఇక గుర్తేమీ లేదు.

"ముందు కూసో వదినా" అన్నాడు ఏబేలు.

"వెనకనే కూసుంటాలే."

ఆమె కోరుకున్నది ఆ ముందు సీటే. అది కోరుకునే కదా ఇంతా తెచ్చుకున్నది. అందులో మాత్రం ఇప్పుడు కూర్చోలేదు. కారు కదిలి, ఊరి పొలిమేర దాటి, త్రిపురాంతకం రోడ్డు పట్టింది. ఎదురుగా ఏబేలు మెడ. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే మెడ, చెవుల కింద చిన్న గుంట, వెంట్రుకలు ఎడమ పక్కకే తిరిగి ఉంటాయి. పెళ్ళైన కొత్తలో శ్యాంసన్ సైకిలు వెనక కూర్చుని ఆ మెడనే చూస్తూ కురిచేడులో పుట్టింటికి పోయింది. సగం దారిలో చైను తెగింది. "మీ ఇంట్లో కోడి కోస్తామన్నారు గదా, అది కాస్త ఊపిరి పీల్చుకోనీలే" అని ఈయన తాపీగా చింతచెట్టు కింద కూలబడ్డాడు, తను ఎండలో నిలబడి తిడుతూనే ఉంది, తిడుతూనే నవ్వింది. చేరేసరికి మాపయ్యింది, కోడి కూర అడుగంటింది, అమ్మ అల్లుణ్ణి ఏమీ అనలేక కూతుర్ని తిట్టింది. మనిషికి తొందరనేది లేదు. ఎప్పుడూ లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తొందరపడ్డాడు, ఇంటికి వస్తానని, అన్నీ వదిలేసి వెంటనే వచ్చేస్తానని. అప్పుడు వద్దన్నది తనే. ఆగి రమ్మన్నది తనే.

కిటికీ అవతల కంది చేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి, పత్తి తీస్తూ వంగి ఉన్నవాళ్ళు నడుం ఎత్తి కారును చూస్తున్నారు. చూడాలనే అనుకుంది తను కూడా. ఇట్లాగే, పని ఆపి నడుములెత్తి, అరె శ్యాంసన్ గాడి కారు, పక్కన వాడి పెండ్లాం అని చూడాలని. గొప్ప కోసమా? గొప్పకే అని ఎవరైనా అంటే అననీ. ఆ పొద్దు ట్రాక్టరు ట్రక్కులో పత్తి బోరేల మీద పడుకున్నది ఎవరు, వాళ్ళా తనా? నొప్పులు తెల్లవారుజామున మొదలయ్యాయి. ఊళ్ళో కారున్నది రంగనాయకులు ఒక్కడికే, కొత్త కారు, మంత్రసాని తన వల్ల కాదు, పెద్దాసుపత్రికి పట్టుకుపొమ్మంది. అత్త పుష్పమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పోయి ఆయన గేటు ముందు నిలబడింది. ఆయన కసిరాడా, తిట్టాడా, ఏమీ లేదు, ఎంతో మెత్తగా చెప్పాడట. "అయ్యో పుష్పమ్మా, పొద్దున్నే గుంటూరు పోవాల్నే. పైగా నిన్ననే సీటు కవర్లు ఏయించినా." సీటు కవర్లు. పుష్పమ్మ తిరిగొచ్చి, ఎవరిదో పత్తి ట్రాక్టరు పోతుంటే అడ్డం నిలబడి ఆపింది. గతుకు గతుకుకూ ప్రాణం పోయి వచ్చింది. త్రిపురాంతకం ఇంకా రాకముందే రోడ్డు పక్క ట్రాక్టరు ఆపించి, అత్త తన చీర విప్పి చుట్టూ అడ్డం పట్టి, లంగా జాకెట్టు మీద నిలబడి కోడలికి పురుడు పోసింది. ఆడపిల్ల. ఆ పిల్ల ఇప్పుడు గురుకులంలో చదువుతోంది, ట్రక్కులో పుట్టానని తెలిసి తెగ నవ్వుతుంది. శ్యాంసన్ అప్పుడు దోర్నాలలో శ్రీశైలం పోయే జీపుల మీద క్లీనరు. మాపటికి వచ్చి, పిల్లను చూసి, భార్య చీర మీద అంటుకున్న పత్తి పింజలను ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాడు. చివరి పింజ తీసి పారేసి, "నీకు కారు తెస్తా" అన్నాడు. నీకు బంగారం తెస్తా అనే మొగుళ్ళు ఉంటారు, చీర తెస్తా అనేవాళ్ళుంటారు. ఈయన కారు తెస్తానన్నాడు, అండమాన్ పోయి టాక్సీ తోలి తెచ్చాడు కూడా. తెచ్చినవాడు దాంతో రావద్దా, ఇదేం తేవడం?

గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. ఏబేలు హారను కొట్టాడు.

కృపారాణి చటుక్కున తల ఎత్తింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. అద్దం మారింది, సీటు మారింది, లోపల ఎవరిదో బీడీ వాసన కొడుతోంది, కానీ ఇది మారలేదు. శ్యాంసన్ ఫోన్ చేస్తే హలో అనేవాడు కాదు. ముందు హారను, రెండు పొట్టివి ఒక పొడుగుది, ఆ తర్వాత నవ్వు, ఆ తర్వాత "ఏమే". బడిలో పిల్లలకు అన్నం వండుతూ చెవికి భుజంతో ఫోన్ అదిమిపెట్టుకుని "చాల్లే, చెవులు పోతాండాయి" అనేది తను. గొర్రెలు కదల్లేదు. ఏబేలు మళ్ళీ కొట్టాడు, ఈసారి పొడుగ్గా. కాపరి కర్ర ఎత్తి అదిలిస్తున్నాడు, గొర్రెలు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నాయి. "కొట్టబాక ఏబేలూ" అంది కృపారాణి. ఏబేలు అద్దంలోంచి చూశాడు, ఏమనుకున్నాడో, "సరే వదినా" అని చెయ్యి తీసేసి మంద దాటేదాకా ఊరికే కూర్చున్నాడు. హారను ఆగింది గానీ చెవుల్లో ఆగలేదు. ఒక పొడుగుది, ఆ తర్వాత నవ్వు రావాలి. రావడం లేదు.

"ఇక్కడే ఒకాయన అడుగుతాండాడు కృపా" అన్నాడు కదా శ్యాంసన్. "కారు అమ్మేసి వచ్చే ఆదివారం ఇమానం ఎక్కేస్తా. ఇంక నాకీ నీళ్ళు చూసి చూసి మొహం మొత్తింది. ఆడికొచ్చి వేరేది చూసుకుందాం." మంచి మాటే కదా అది. ఆ మాటకు ఊ అని ఉంటే ఈపాటికి దోర్నాల సెంటర్లో ఏ హోటలు ముందో నిలబడి శ్రీశైలం పోయేవాళ్ళను పిలుస్తుండేవాడు, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి కూరలో ఉప్పు లేదనేవాడు. తనేమంది? దొడ్లో బట్టలు ఉతుకుతూ, చేతులు కూడా తుడుచుకోకుండా, ఫోన్ తడుస్తున్నా లెక్క చేయకుండా అంది. "వేరేది నాకెందుకు? ఆ కారే కావాల. నువ్వు దాన్ని తోలుకుంటా రంగనాయకులు ఇంటి ముందర నుంచి రావాల, నేను పక్కన కూసోవాల. నువ్వు తెస్తానంది ఆ కారా, ఈ కారా?" ఆయన నవ్వాడు. "సరేలేవే, తెస్తాలే." అంతే. గద్దించి ఉంటే బాగుండేది. నోర్మూసుకో, నీకేం తెలుసు అని ఒక్క మాట అని ఉంటే తను అలిగేది, రెండు రోజులు మాట్లాడేది కాదు, ఆయన వచ్చి నిలబడితే అలక తీరేది. గద్దించడం చేతకాని మనిషిని చేసుకుంది.

అప్పటికే ఉన్న గది ఖాళీ చేసేశాడు. ఓడలో చోటు ఈ వారమన్నారు, వచ్చే వారమన్నారు. తుపానని ఓడ రాలేదు, వచ్చిన ఓడలో ముందువాళ్ళ బండ్లే పట్టలేదు. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదని రేవు దగ్గరే కారు పెట్టుకుని కార్లోనే పడుకున్నాడు. "కాళ్ళు పట్టడంలేదే, తలుపు తీసి బయటకి చాపుతాండా. దోమలు పండగ చేసుకుంటాండాయి" అంటే తను నవ్వింది. దేవుడా, నవ్వింది. "అంత పొడుగు ఎవురు పెరగమన్నారు నిన్ను" అంది. జ్వరమొచ్చిందన్నాడు. బిళ్ళ వేసుకోమంది. తగ్గి మళ్ళీ వచ్చిందన్నాడు. నిత్యానందం, ఆయనతోపాటే టాక్సీ తోలే శ్రీకాకుళం మనిషి, ఆసుపత్రికి పోదాం పదమని పోరుతున్నాడట. "పోతే ఇక్కడ వరస పోతుందే. కారు ఎక్కించినాక పోతా" అన్నాడు. ఆ మాటకైనా తను కసరాలి కదా, కారు మొహం మండ, ముందు ఆసుపత్రికి పో అనాలి కదా. అనలేదు. అనాలని తోచలేదు. జ్వరాలు రావా మనుషులకు, పోవా? ఆఖరు రోజు మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది, బడిలో అన్నం వార్చి. ఎత్తగానే తను అన్న మొదటి మాట "కారెక్కిందా?" అని. ఎట్లున్నావని కాదు, జ్వరమెట్లుందని కాదు. కారెక్కిందా. "ఎక్కింది ఎక్కింది, సూడు పంపినా" అన్నాడు, గొంతు బొంగురుగా ఉంది. ఫోన్ పెట్టేయకుండానే ఆ వీడియో చూసింది. క్రేను గొలుసులకు వేలాడుతూ గాల్లో ఈ తెల్ల కారు, కింద ఆయన గొంతు, "సూడే, మన కారు ఎగరతాంది". ఆ తర్వాత జ్వరం సంగతి అడిగిందా? అడిగే ఉంటుంది. పడుకున్నా, లేచినా, పత్తి తీస్తున్నా, పిల్లలకు పప్పు వడ్డిస్తున్నా ఆ ఫోన్‌ను మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ మళ్ళీ విన్నది మనసులో. కారెక్కిందా ఉంది. ఎగరతాంది ఉంది. పిల్ల పరీక్షలు ఉన్నాయి. పొయ్యి మీద పప్పు పొంగుతోంది, పెట్టేస్తున్నా అనడం ఉంది. జ్వరం మాట మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదు.

ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చారు. కారింకా నీళ్ళ మీద ఉండగానే ఆయన పోయాడు. మళ్ళీ తుపాను పట్టి విమానాలు ఆగిపోయాయి, ఇటు నుంచి పోయే దారి లేదు, అటు నుంచి తెచ్చే దారి లేదు, ఎన్నాళ్ళని ఆపుతారు. అక్కడి తెలుగు సంఘం వాళ్ళే పాట పాడి, ప్రార్థన చేసి, మట్టి చేశారు. నిత్యానందం ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చూపించాడు. ఇక్కడ ఇంటి ముందు జనమంతా ఆ ఫోన్ మీదికి వంగారు. "ముఖం సూపియ్యమను నాయనా, ముఖం" అంటోంది పుష్పమ్మ. ముఖం చూపించబోయేసరికి బొమ్మ ఆగిపోయింది, నిత్యానందం తడిసిన చొక్కా చెయ్యి దగ్గర. అంతా ఆ చొక్కా చేతినే చూస్తూ ఉండిపోయారు. మళ్ళీ కదిలేసరికి మట్టి కుప్ప కనిపించింది, అంతా అయిపోయింది. పుష్పమ్మ అప్పుడు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ ఆగలేదు. తనకే ఏడుపు రాలేదు. ఊరంతా అయ్యో పాపం, దెబ్బకు మనిషి రాయైపోయింది అన్నారు. రాయి కాదు, దొంగ. దొంగకు ఏడ్చే మొహం ఎక్కడిది? పోయినవాడి కోసం పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు అంతా దేవుని చిత్తమన్నప్పుడు లేచి నిలబడి, కాదు, నా చిత్తం, నా మాట అని అరవాలనిపించింది. పక్కన పుష్పమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ చేతిని విడిపించుకుని లేవలేకపోయింది.

ఇవాళ విడిపించుకోవాలి. అత్తా, ఆయన అమ్మేసి వస్తానన్నాడు, నేనే వద్దన్నా. అట్లా మొదలుపెట్టాలి. లేదు, ముందు కాళ్ళు పట్టుకోవాలి. కాళ్ళు పట్టుకుంటే లేవనెత్తుతుంది, లేవనెత్తితే చెప్పలేదు. నిలబడే చెప్పాలి, మొహంలోకి చూస్తూ.

"వదినా" అన్నాడు ఏబేలు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఒక మాట. దోర్నాలలో ఒకాయన బండి కావాలంటాండాడు. నువ్వు ఊ అంటేనే. ఉంచుకుందామంటే ఉంచుకుందాం."

"అత్తనడుగు."

"అమ్మనడిగితే వదిన ఇష్టం అంటది. మొత్తానికి నువ్వే సెప్పాల."

అన్నీ నన్నే చెప్పమంటారేమయ్యా, నేను చెప్పింది ఎంత బాగా జరిగిందో చూశారుగా అనబోయింది. అంతలో ఊరు వచ్చేసింది. ముందుగా రంగనాయకులు ఇల్లు, అరుగు మీద ఆయన. ముసలివాడయ్యాడు, కారు కూడా ఎప్పుడో అమ్మేశాడు, కొడుకులు తలా ఒక దిక్కు పోయారు. ఈ ఒక్క ఇంటి ముందు ఎట్లా కూర్చోవాలో ఎన్నేళ్ళు సాధన చేసిందో కృపారాణి. అటు తిరగకూడదు, తల ఎత్తి ముందుకే చూడాలి, పెదవి మీద కొంచెమే నవ్వు. ఆయన తెల్ల కారును చూసి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టి, పోల్చుకుని, అరుగు మీంచి మెల్లగా లేచి నిలబడ్డాడు. భుజం మీది తువాలు తీసి చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు. శ్యాంసన్ పోయినప్పుడు కూడా అందరికంటే ముందు వచ్చినవాడు ఆయనే, కుర్చీలో కూర్చుని పుష్పమ్మతో సమానంగా కళ్ళు తుడుచుకున్నాడు. సీటు కవర్ల సంగతి ఆయనకు గుర్తే ఉండదు. అవును, గుర్తెందుకుంటుంది, ఆ మాట అన్నవాడికి అదొక మాట. ఇన్నేళ్ళూ ఈ కారు ఎవరికి చూపించాలని మోసింది తను? గుర్తే లేని మనిషికి. దాని కోసం తన మనిషిని దోమలకు వదిలేసింది. కృపారాణి కూడా చేతులు జోడించింది, ఇంకేం చేయాలో తెలియక.

పల్లెలోకి తిరిగే చోట నీళ్ళ పైపుల కోసం తవ్వి పోసిన కాలువ ఉంది, రాత్రి వానకు ఎర్రటి అడుసు. కారు దిగబడింది. ఏబేలు గట్టిగా తొక్కేసరికి వెనక చక్రాలు గిర్రున తిరిగి అడుసు ఎగజిమ్మింది, కిటికీల దాకా. ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకొచ్చి వెనక నుంచి తోశారు. తోసినవాళ్ళు కారును వదల్లేదు, చేతులు దాని మీద అట్లాగే ఉంచి, పక్కపక్కనే నడిచారు. ఇంకొంతమంది కలిశారు. తలుపు మీద ఒక చెయ్యి, మూత మీద ఒక చెయ్యి. ఏబేలు నడకకంటే మెల్లగా పోనిస్తున్నాడు. శవపెట్టెను మోసుకుపోయేటప్పుడు నడిచే నడక అది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ చెప్పలేదు, ఊరు తన మనిషిని మోయలేదని ఊరికి గుర్తుంది. కృపారాణి లోపల ఉంది, వాళ్ళు మోస్తున్నట్టుగా ఉంది. ఇంటి ముందు కారు ఆగింది. తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది. పుష్పమ్మ ఎక్కడ? గుమ్మంలో లేదు. కారు చుట్టూ తిరిగి వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చక్రం పైన రేకు లోపలికి చెయ్యి దూర్చి అక్కడ పట్టిన మట్టిని గోళ్ళతో గీరి గీరి అరచేతిలోకి తీస్తోంది.

"అత్తా" అంది కృపారాణి. "అత్తా, నీకొక మాట సెప్పాల. ఆయన కారు అమ్మేసి వస్తానన్నాడు. నేనే..."

"తెలుసులే అమ్మే." పుష్పమ్మ చెయ్యి ఆపలేదు. "నువ్వు ఫోన్లో పట్టుబడతాంటే నేను పొయ్యి కాడ ఇంటానే ఉన్నా. గట్టిగా అడుగు తల్లీ అనుకున్నా. రంగనాయకులు గేటు కాడ నిలబడి వచ్చినదాన్ని నేను. నా కొడుకు కారు తోలుకుంటా వస్తే సూడాలని నాకు మాత్రం ఉండదా?" ఇంకొంచెం మట్టి గీరింది. "నువ్వట్ల పట్టుబట్టినావు గనక వాడిది ఇదన్నా వచ్చింది. లేకుంటే నాకేం మిగిలేది? నీ కడుపు సల్లగుండ."

చెప్పు దెబ్బకు సిద్ధపడి వచ్చింది. జుట్టు పట్టి ఈడ్చడానికి సిద్ధపడి వచ్చింది. దీనికి సిద్ధపడలేదు. ఇన్నాళ్ళూ మోసుకొచ్చి దించాలనుకున్న చోటే ఈ మనిషి ఎదురొచ్చి దీవించింది. ఇంకెవరికి చెప్పాలి, ఎవరు కొడతారు తనను? అసలు అన్నిటికంటే పెద్దది, ఆ ఆఖరు ఫోన్‌లో జ్వరమెట్లుందని అడగని సంగతి, అదింకా గొంతులోనే ఉంది. అది ఈమెకు తెలియదు. చెప్పాలని నోరు తెరిచింది. అప్పుడు పుష్పమ్మ తల ఎత్తి అరచెయ్యి ముందుకు చాచింది. దాని నిండా ఎర్రటి మట్టి.

"పిడికెడు మన్నన్నా ఏయలేకపోతిని వాడి మీద, కన్నతల్లినయ్యుండి. ఇది తీసుకపోయి మన సమాధుల్లో పెట్టుకుంటా" అంది. తర్వాత, అడగడానికే భయపడుతూ అడిగింది. "ఇది వాడున్న కాడి మన్నే కదమ్మే? ఓడ మీద వచ్చిందే కదా?"

మట్టి ఇంకా తడిగా ఉంది, ఆమె వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి. కాలువ అడుసు అది, ఇప్పుడిప్పుడే అంటుకున్నది. తోసినవాళ్ళ కాళ్ళకూ అదే ఉంది. ఏబేలు స్టీరింగు ముందు నుంచి లేవకుండా తల అటు తిప్పుకున్నాడు. తోసినవాళ్ళలో ఒకడు అడుసు కాళ్ళను వెనక్కి తీసుకున్నాడు.

"ఆ, అక్కడిదే అత్తా" అంది కృపారాణి.

అని, పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, రేకు లోపల ఇంకా మిగిలిన మట్టిని వేళ్ళతో గీరి తీసి ఆమె అరచేతిలో పోసింది. పోస్తూ పోస్తూ ఏడ్చింది.